కణమే మందైతే పరీక్ష ఎలా?

మందుల షాపులో ఏ స్ట్రిప్పు తిప్పి చూసినా బ్యాచ్ నంబరు కనిపిస్తుంది. ఒక్కో బ్యాచ్‌లో లక్షల మాత్రలుంటాయి. వాటిలో కొన్నింటిని తీసి ల్యాబులో పరీక్షిస్తే మిగతావాటి నాణ్యత తెలిసిపోతుంది. క్యాన్సర్‌కు చేసే కార్-టి సెల్ చికిత్సలో ఎక్కించే సంచి మీద మాత్రం రోగి పేరే ఉంటుంది. ఆ మందు ఆ మనిషి రక్తంలోంచే తయారైంది, ఆ మనిషికే ఎక్కాలి. పక్క మంచం మీదున్న రోగిదీ అదే జబ్బు అయినా ఆ సంచి అతనికి పనికిరాదు. ఇక్కడ బ్యాచ్ అంటే ఒక్క మనిషి.

ఇలాంటి మందు పనిచేస్తుందని తేల్చడం ఎలా? సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్తుత్తి మందు ఇచ్చి పోల్చే పాత పద్ధతి ఇక్కడ నడవదు. కీమోథెరపీకి లొంగక, మూలుగ మార్పిడి తర్వాత కూడా జబ్బు తిరగబెట్టినవాళ్లకు ఉత్తుత్తి మందు ఇవ్వడానికి ఏ డాక్టరుకూ చేతులు రావు. పోనీ మోతాదు నిర్ణయిద్దామంటే, ఒంట్లోకి వెళ్లాక ఈ మందు తనంతట తానే పెరుగుతుంది. ఎక్కించినదెంత, చివరికి పనిచేసినదెంత అన్నవి రెండు వేరు లెక్కలు.

టి కణాలు రక్తంలో కాపలా తిరిగే తెల్లకణాలు. వైరస్ సోకిన కణం కనిపిస్తే చంపేస్తాయి. క్యాన్సర్ కణం మన సొంత కణంలోంచే పుట్టినది కాబట్టి చాలాసార్లు వాటికి దొరక్కుండా తప్పించుకుంటుంది. యాంటీబాడీకి గుర్తుపట్టే నేర్పుంది, టి కణానికి చంపే నేర్పుంది. ఆ రెంటినీ ఒకే అణువులో అతికిస్తే ఎలా ఉంటుందో 1989లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో జెలిగ్ ఎష్‌హార్ బృందం చేసి చూపించింది. ఆ అతుకు అణువు ఉన్న టి కణాలే కార్-టి కణాలు. తొలినాళ్ల కణాలు గురిపెట్టగలిగాయి గానీ ఒంట్లో నాలుగు కాలాలు నిలవలేకపోయాయి. వాటికి ప్రాణం నిలిపే రెండో సంకేతాన్ని కూడా జోడించాలని న్యూయార్క్‌లో మిషెల్ సదెలాన్, మెంఫిస్‌లో డారియో కాంపానా వంటివారు పనిచేశాక కథ మలుపు తిరిగింది.

గురి దేనిమీద పెట్టాలన్నది మరో చిక్కు. యాంటీబాడీలకు మూలమైన బి కణాల పైపొర మీదుండే సీడీ19 అనే ప్రోటీన్‌ను ఎంచుకున్నారు. బి కణాల్లోంచి పుట్టే లుకేమియా, లింఫోమా కణాల మీద అది ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న బి కణాల మీద కూడా ఉంటుంది. అంటే మంచివీ పోతాయి. అయినా పరవాలేదనుకున్నారు, ఎందుకంటే బి కణాలు లేకుండా మనిషి బతకగలడు. ఇన్‌ఫెక్షన్లు రాకుండా అవసరాన్నిబట్టి ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కిస్తే సరిపోతుంది. గుండెమీదో కాలేయంమీదో అలాంటి గుర్తు ఉండి ఉంటే ఈ చికిత్స అక్కడే ఆగిపోయేది. ఈ నష్టమే తర్వాత డాక్టర్లకు కొలమానంగా మారింది: రోగి రక్తంలో బి కణాలు కనబడనంత కాలం కార్-టి కణాలు బతికి పనిచేస్తున్నట్టే.

తయారీ చెప్పినంత తేలిక కాదు. కొన్ని గంటలపాటు రోగి రక్తాన్ని యంత్రంలోంచి పంపి తెల్లకణాలను వేరుచేస్తారు. అందులోని టి కణాల్లోకి, జబ్బు కలిగించే శక్తి తీసేసిన వైరస్ ద్వారా కొత్త జన్యువును చొప్పిస్తారు. హెచ్ఐవీ కుటుంబపు వైరస్‌నే ఇందుకు మార్చి వాడుతుంటారు. తర్వాత కణాలను పెంచి, సూక్ష్మజీవులు చేరలేదని పరీక్షించి, గడ్డకట్టించి ఆసుపత్రికి పంపుతారు. ఈలోగా రోగికి కొన్ని రోజుల కీమో ఇచ్చి పాత టి కణాలను తగ్గించి, వచ్చేవాటికి చోటు చేస్తారు. ఇంత తతంగం తర్వాత ఎక్కించడం మాత్రం సెలైన్ ఎక్కించినంత మామూలుగా, నిమిషాల్లో అయిపోతుంది. కణాలు గడ్డకట్టినప్పుడు పాడవకుండా కలిపిన రసాయనం వల్ల గదిలో కాసేపు వెల్లుల్లి వాసన వస్తుంది.

2010లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కార్ల్ జూన్ బృందం ముగ్గురికి ఈ కణాలు ఎక్కించింది. ముగ్గురికీ మందులకు లొంగని దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియా. ఇద్దరిలో జబ్బు జాడ లేకుండా పోయింది, మూడో వ్యక్తిలో కొంతవరకు తగ్గింది. కణాలు ఒంట్లో వెయ్యి రెట్లకు పైగా పెరిగాయి. ఒక్కో కార్-టి కణం సగటున వెయ్యి క్యాన్సర్ కణాలనైనా చంపి ఉంటుందని 2011లో ప్రకటించారు. ముగ్గురితోనే ఆగిపోవడానికి కారణం శాస్త్రం కాదు, డబ్బు. నాలుగో రోగికి నిధులు లేవు. ఆ ఫలితాలు అచ్చయ్యాకే దాతలూ కంపెనీలూ తలుపు తట్టారు. ఆ తొలి ఇద్దరి రక్తంలో పదేళ్ల తర్వాత కూడా కార్-టి కణాలు ఉన్నాయని 2022లో ‘నేచర్’ పత్రిక ప్రచురించింది.

మందు పెరగడంలోనే ప్రమాదమూ ఉంది. 2012 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో ఆరేళ్ల ఎమిలీ వైట్‌హెడ్‌కు ఈ కణాలు ఎక్కించారు. ఈ చికిత్స అందుకున్న తొలి చిన్నారి ఆమె. లుకేమియా అప్పటికే రెండుసార్లు తిరగబెట్టింది. కణాలు పని మొదలుపెట్టగానే తీవ్ర జ్వరం, పడిపోయిన రక్తపోటు, చివరికి వెంటిలేటర్. రక్షణ వ్యవస్థ ఒక్కసారిగా విడుదల చేసే రసాయనాల ఉప్పెన అది. రక్తపరీక్షలో ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయనం విపరీతంగా పెరిగిందని తేలింది. దాన్ని అడ్డుకునే టోసిలిజుమాబ్ అనే మందు ఉందని కార్ల్ జూన్‌కు తెలుసు. క్యాన్సర్ డాక్టరుగా తెలిసింది కాదు. ఆయన కూతురికి చిన్నతనంలో వచ్చే కీళ్లవాతం ఉండటంతో ఆ జబ్బు మందుల సంగతి ఆయనకు తెలిసింది. ఆ మందు ఇచ్చాక గంటల్లోనే పాప కుదుటపడింది. ఏడో పుట్టినరోజు నాడు కళ్లు తెరిచింది.

ఆ రోజు ఎమిలీ కోలుకోకపోయి ఉంటే మొత్తం ప్రయోగమే మూతపడేదని తర్వాత ఆ బృందంలోని వారే చెప్పుకున్నారు. ఒక పరిశోధన బతుకు ఇంట్లో ఉన్న మరో జబ్బు మీద ఆధారపడటం కొంచెం భయపెట్టే విషయమే. 2017 ఆగస్టు 30న అమెరికా ఎఫ్‌డీఏ ‘కిమ్రియా’ పేరుతో తొలి కార్-టి చికిత్సకు అనుమతినిస్తూ, అదే రోజు టోసిలిజుమాబ్‌ను కూడా ఈ ఉపద్రవానికి విరుగుడుగా ఆమోదించింది.

ఆ అనుమతికి ఆధారం ‘ఎలియానా’ ప్రయోగం. పిల్లలు, యువకుల్లో లొంగని లుకేమియా మీద 11 దేశాల్లోని 25 కేంద్రాల్లో జరిగింది. మూడు నెలల్లో 81 శాతం మందిలో జబ్బు కనుమరుగైందని వార్తలన్నీ రాశాయి. నిజమే. అయితే ఆ 81 శాతం కణాలు ఎక్కించుకున్న 75 మందిలో లెక్క. ప్రయోగంలో చేరినవాళ్లు 92 మంది. మిగిలిన 17 మందిలో కొందరికి కణాలు సరిగ్గా తయారు కాలేదు, కొందరు అవి చేరేలోపే చనిపోయారు. వాళ్లనూ కలిపి లెక్కిస్తే ఫలితం 66 శాతానికి దిగుతుంది. అప్పటికి ఆ పిల్లలకు మిగిలిన దారులతో పోలిస్తే అది కూడా గొప్పదే. కానీ ఈ రంగంలో ఏ అంకె కనిపించినా ‘ఎంతమందిలో’ అని అడగకుండా ముందుకు పోకూడదు. మాత్రకైతే ఈ ప్రశ్న అంతగా రాదు. చీటీ రాసిన రోజే మందు చేతికొస్తుంది కదా.

అన్ని ప్రయోగాలూ ఇలా ముగియలేదు. జూనో అనే కంపెనీ పెద్దవాళ్లలో లుకేమియాకు ‘రాకెట్’ పేరుతో చేపట్టిన ప్రయోగంలో 2016లో కొందరు రోగులు మెదడు వాచి చనిపోయారు. ముందుగా ఇచ్చిన ఫ్లుడారబిన్ అనే కీమో మందే కారణమని కంపెనీ భావించింది. దాన్ని తీసేస్తామని చెప్పాక ఎఫ్‌డీఏ కొద్దిరోజుల్లోనే ప్రయోగాన్ని మళ్లీ సాగించడానికి అనుమతినిచ్చింది. నవంబరులో మళ్లీ మరణాలు. మొత్తం అయిదుగురు పోయాక 2017లో ఆ కార్-టి మందునే వదిలేశారు. మొదటి వివరణ చాలా త్వరగా దొరికింది, చాలా త్వరగా ఒప్పేసుకున్నారు.

మరి ఉత్తుత్తి మందు లేకుండా అసలైన పోలిక ఎలా? దానికి దారి, అప్పటికి వాడుకలో ఉన్న మేలైన చికిత్సతోనే పోటీ పెట్టడం. పెద్ద బి కణాల లింఫోమా తొలి చికిత్సకు లొంగకపోయినా, ఏడాదిలోపే తిరగబెట్టినా, గట్టి కీమో ఇచ్చి మూలకణాల మార్పిడి చేయడం అప్పటి మామూలు పద్ధతి. దాని స్థానంలో కార్-టి ఇస్తే మేలా అని రెండు కంపెనీలు విడివిడిగా పరీక్షించాయి. గురి రెండింటిదీ సీడీ19యే. రోగుల తీరూ దాదాపు ఒకటే.

ఫలితాలు మాత్రం ఎదురెదురుగా నిలిచాయి. 359 మందితో జరిగిన ‘జుమా-7’లో కార్-టి స్పష్టంగా గెలిచింది. జబ్బు ముదరకుండా, కొత్త చికిత్స అవసరం పడకుండా గడిచిన కాలం కార్-టి వైపు సగటున 8.3 నెలలు, రెండో వైపు 2 నెలలు. 322 మందితో జరిగిన ‘బెలిండా’లో రెండు వైపులా 3 నెలలే. తేడానే లేదు.

ఎందుకిలా? ఒక ముఖ్యమైన ఆధారం క్యాలెండర్‌లో దొరుకుతుంది. బెలిండాలో రక్తం తీసిన రోజు నుంచి కణాలు ఎక్కించే రోజుకు మధ్య సగటున 52 రోజులు పట్టింది. ఆరో వారం నాటికే, కణాలు చేతికి రాకముందే, కార్-టి వైపు నాలుగో వంతు మందిలో జబ్బు ముదిరిపోయింది. జుమా-7లో రక్తం తీసిన 13 రోజులకే కణాలు సిద్ధమయ్యాయి. రెండు కంపెనీల కణాల్లో రెండో సంకేతం వేరు. మధ్యలో ఇచ్చే కీమో విషయంలో నియమాలు వేరు. గెలుపోటముల నిర్వచనాల్లోనూ కొంత తేడా ఉంది. కాబట్టి నేరమంతా క్యాలెండర్ మీదే వేయడం న్యాయం కాదు. అయినా ఇక్కడ కాలం కూడా మందులో ఒక భాగమేనని ఒప్పుకోక తప్పదు. ఫ్యాక్టరీలో ఆలస్యమైన ప్రతి వారం, మోతాదు తగ్గించినంత పని చేస్తుంది.

పరీక్షలు ముగిసి అమ్మకాలు మొదలయ్యాక కూడా నిఘా ఆగలేదు. 2018లో ఒక వింత కేసు వెలుగు చూసింది. కణాలు తయారుచేసేటప్పుడు టి కణాల మధ్య దాగిన ఒకే ఒక్క లుకేమియా కణంలోకి పొరపాటున ఆ జన్యువు చేరింది. దాంతో ఆ కణం తన సీడీ19ను తానే కప్పేసుకుని, కార్-టి కణాలకు కనబడకుండా పెరిగి రోగిని బలితీసుకుంది. జన్యువు చొప్పించిన టి కణాలే క్యాన్సర్‌గా మారొచ్చన్న అనుమానం మరొకటి. 27 వేలకు పైగా చికిత్సల్లో 22 కేసులు నమోదైనట్టు 2024 జనవరిలో ఎఫ్‌డీఏ అధికారులు రాశారు. ఆ నెలలోనే ఈ మందులన్నిటి మీదా గట్టి హెచ్చరిక ముద్రించమన్నారు. 15 ఏళ్లపాటు రోగుల ఆరోగ్యాన్ని గమనిస్తూ ఉండాలన్న నిబంధన మొదటి నుంచీ ఉంది.

కిమ్రియా ధర మొదట్లో 4,75,000 డాలర్లు. అప్పటి మారకంలో సుమారు 3 కోట్ల రూపాయలు. ఆ అంకె చూస్తే మన దేశంలో ఈ కథ చదువుకోవడానికే తప్ప వాడుకోవడానికి కాదనిపిస్తుంది. అయితే బొంబాయి ఐఐటీలో రాహుల్ పుర్వార్ ల్యాబు, టాటా మెమోరియల్ డాక్టర్లు కలిసి కణాలనూ వాటిలోకి జన్యువు మోసుకెళ్లే వైరస్‌నూ ఇక్కడే తయారుచేశారు. గుర్తుపట్టే కొసలో ఎలుక యాంటీబాడీ ముక్కకు బదులు మనిషి ప్రోటీన్‌ను పోలేలా మార్చిన ముక్కను వాడారు. 2021లో తొలి రోగికి ఎక్కించారు. 2023 అక్టోబరులో ‘నెక్స్‌కార్19’కు అనుమతి వచ్చింది. ధర విదేశీ మందు ధరలో ఆరో వంతు నుంచి పదో వంతు దాకా చెబుతారు. ఆసుపత్రి ఖర్చులు అదనం.

ఈ ప్రయోగం వివరాలు 2025లో ‘లాన్సెట్ హెమటాలజీ’లో వచ్చాయి. చేరినవారు 64 మంది. ఫలితం లెక్కించదగ్గ 51 మందిలో 73 శాతానికి జబ్బు తగ్గింది. రసాయనాల ఉప్పెన తీవ్రంగా వచ్చినవారు 5 శాతమే. చికిత్స వల్ల ఇద్దరు చనిపోయారన్న సంగతీ అదే వ్యాసంలో ఉంది. ‘స్వదేశీ అద్భుతం’ అని రాసిన పత్రికలు ఆ వాక్యం దాకా చదివినట్టు లేవు. 64కూ 51కీ మధ్య తేడా దగ్గర కూడా అవి ఆగి ఉంటే బాగుండేది.

ఇప్పుడు చూపు మల్టిపుల్ మైలోమా అనే రక్తక్యాన్సర్ మీదకు మళ్లింది. అక్కడ గురి సీడీ19 కాదు, బీసీఎంఏ అనే మరో ప్రోటీన్. ‘కార్టిట్యూడ్-1’ ప్రయోగంలో, ఎన్నో రకాల మందులు వాడి అలసిపోయిన 97 మందిలో 97 శాతానికి జబ్బు తగ్గింది. అయిదేళ్లు గడిచాక చూస్తే, జబ్బు మళ్లీ ముదరకుండా ఉన్నవాళ్లు 32 మంది, అంటే మూడో వంతు. తగ్గడం వేరు, తగ్గి నిలవడం వేరు. ఆ జబ్బులో మూడో వంతు మంది ఒక్క చికిత్సతో అయిదేళ్లు గడపడం గతంలో ఊహించనిదని డాక్టర్లు చెప్పేది కూడా నిజమే.

ఇదే గురితో హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్‌కు చెందిన ఆరిజీన్ ఆంకాలజీ మన దేశంలో ‘స్వస్థ్’ పేరుతో పరీక్షలు మొదలుపెట్టింది. మొదటి విడత ఫలితాలను 2024లో వెల్లడించింది. ఎనిమిది మందికి ఇస్తే ఎనిమిది మందికీ జబ్బు తగ్గింది, అయిదుగురిలో దాని జాడే మిగల్లేదు. కాగితం మీద అది నూరు శాతం. ఎనిమిది మందితో తెలిసేది ముందుకు వెళ్లవచ్చని మాత్రమే. ఎన్నాళ్లు నిలుస్తుందన్నది తర్వాతి విడతలో చేరేవాళ్ల మీద, వాళ్లను ఎన్నేళ్లు గమనిస్తారన్న దానిమీద ఆధారపడి ఉంటుంది.