ఇంజను ఘోషించును; కారేల కదలదు?

మెదకు చర్చిని చూడవచ్చినవారి పాత ఆటోమాటిక్ కారొకటి, ఇంజను హోరుమనుచున్నను ముందుకు సాగక మొరాయించుట మీ కంటబడినచో, కారణమేమని అడుగకుందురా?

క్లచ్ పెడలు లేని యిట్టి గేర్‌బాక్సును అమెరికాలో ఓల్డ్స్‌మొబీల్ సంస్థ తన 1940 నమూనా కార్లలో అమర్చి విరివిగా అమ్మినది. రెండు టేబుల్ ఫ్యానుల నెదురెదురుగా నుంచి, ఒకదానికే స్విచ్చి వేసినచో, దాని గాలికి రెండవదియు మెల్లగా తిరుగును గదా. ఇంజనుకును గేర్‌బాక్సునకును నడుమ ఆయిలు అట్లే శక్తిని మోయును. ఆ ఆయిలే ఒత్తిడితో లోపలి క్లచ్ ప్లేట్లను బిగించి పట్టును. అది తరిగినచో పంపు గాలిని పీల్చును, ఒత్తిడి సడలును, ప్లేట్లు జారును, ఇంజను వేగము చక్రములకు చేరదు.

కావున నేర్పరియైన మెకానిక్కు మొదటనే గేర్‌బాక్సును విప్పక, ఆయిలు కొలుచు పుల్ల యున్న బండిలో దానిని తీసి తెల్లగుడ్డపై తుడుచును. సాధారణముగా ఎర్రగా నుండవలసిన ఆయిలు నల్లబడి మాడువాసన కొట్టినచో, ప్లేట్లు రాపిడికి కాలినవని శంకించును. మట్టము తగ్గియున్నచో బండిక్రింద ఎర్రని చుక్కలకై వెదకును. ఏలయన, కారుటను మాన్పక ఆయిలు నింపినంతమాత్రమున దోషము తీరదు. రంగును మట్టమును సరిగానే యున్నచో ఒత్తిడిని, వైరింగును పరీక్షించును. విప్పుట కడపటి యుపాయము.