గర్భం ఎవరి ఆస్తి?



అమెరికాలో లిబర్టేరియన్లనే వారున్నారు. మనిషి శరీరానికి ఆ మనిషే యజమాని, ఇతరుల శరీరం మీద గాని ఆస్తి మీద గాని ఎవరూ బలప్రయోగం చేయకూడదు అన్నది వారి మూలసూత్రం. వినడానికి సబబుగానే ఉంటుంది. అయితే గర్భస్రావం దగ్గరకు వచ్చేసరికి ఈ ఒక్క సూత్రం పట్టుకునే వారు రెండు పక్షాలయ్యారు.

వారిలో ముర్రే రోత్‌బార్డ్ అనే ఆర్థికవేత్త 1982లో వెలువడిన తన పుస్తకంలో, తల్లికి ఇష్టం లేకుండా ఆమె గర్భంలో ఉండే హక్కు ఎవరికీ లేదని వ్రాశారు. అంటే పిలవకుండా ఇంట్లో దూరినవాడితో సమానమన్నమాట! దీనికి ఎదురుగా 1976లో డోరిస్ గోర్డన్ 'లిబర్టేరియన్స్ ఫర్ లైఫ్' అనే సంఘం పెట్టారు. మత బోధతో పని లేకుండానే వీరి వాదన సాగుతుంది. బిడ్డ తనంతట తాను వచ్చి దూరలేదు, తల్లిదండ్రుల చర్య వలననే అక్కడ ఉంది, కనుక కాపాడే బాధ్యత వారిదే అంటారు.

వాల్టర్ బ్లాక్ అనే మరొకాయన మధ్యేమార్గం చెప్పారు. తల్లి బిడ్డను బయటికి పంపవచ్చు గాని చంపకూడదట. కాన్పు గదిలో పనిచేసిన ఏ నర్సునైనా అడగండి. అయిదో నెలలో బయటపడిన బిడ్డ ఊపిరితిత్తులు గాలి పీల్చుకోలేవు. అప్పుడు పంపడానికీ చంపడానికీ తేడా ఎక్కడుంది?

నాకైతే ఈ ఇంటి పోలికే నచ్చలేదు. ఏ ఇల్లూ తనలో ఉన్నవారికి రక్తం పంచి ఇవ్వదు. బిడ్డ దేవుడిచ్చిన ప్రాణమని నమ్మే మనకు ఆస్తి లెక్క అసలే సరిపడదు.

అయినా వారి మాటలో మనం వినవలసింది ఒకటుంది. ఆ స్త్రీ శరీరం భర్త ఆస్తి కాదు, అత్తగారి ఆస్తీ కాదు. "మేం చెబుతున్నాం కదా సిస్టరమ్మా, తీయించేయండి" అంటూ ఇంటిల్లిపాదీ మాట్లాడతారు, కడుపుతో ఉన్న పిల్ల మాత్రం తల వంచుకుని ఉంటుంది. వద్దనుకుని వచ్చిన పిల్లను బెదిరించి నోరు మూయించేవారూ ఉన్నారు. మన దేశంలో 1971 నాటి చట్టం ప్రకారం, చట్టం అనుమతించిన సందర్భాలలో, 18 ఏళ్ళు నిండి మతిస్థిమితం ఉన్న స్త్రీకి ఆమె సమ్మతి ఒక్కటే కావాలి. భర్త సంతకం అవసరం లేదు. ఆమె ఒప్పుకోకపోతే ఎవరు సంతకం పెట్టినా చెల్లదు.

అందుకే ముందు ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి. వెంట వచ్చినవారు కాసేపు వరండాలో ఉండాలి, కోపం వచ్చినా సరే.