సౌకర్యం వచ్చింది సరే, మేలు జరిగిందా?

ఒక ఊరికి కొత్త వైద్య సౌకర్యం వచ్చిందంటే అందరికీ సంతోషమే. అయితే దాని వలన రోగులకు నిజంగా మేలు జరిగిందో లేదో తెలుసుకునేది ఎలా? అమెరికా పల్లెలలోని మాజీ సైనికుల కోసం జరిగిన ఒక ప్రయత్నం దీనికి మంచి ఉదాహరణ. దానిని ఈసారి వివరిస్తున్నాము.

సమస్య ఏమిటి?

అమెరికాలో మాజీ సైనికుల వైద్యం చూసేది వెటరన్స్ అఫైర్స్ అనే ప్రభుత్వ శాఖ. మాజీ సైనికులలో దాదాపు నలుగురికి ఒకరు పల్లెలలోనే ఉంటారు. పెద్ద ఆసుపత్రులు మాత్రం పట్టణాలలో ఉన్నాయి. వయసు మళ్ళినవారు, బండి నడపలేనివారు అంత దూరం రాలేక మధ్యలోనే వైద్యం మానేస్తారు. యుద్ధపు జ్ఞాపకాలతో నిద్ర పట్టక, దిగులుతో కుమిలిపోయేవారికి ఇది మరీ ప్రమాదం. ఆ జబ్బుకు ఒకసారి మందు రాసి ఇస్తే సరిపోదు. డాక్టరుతో గానీ కౌన్సిలరుతో గానీ పలుమార్లు మాట్లాడవలసి ఉంటుంది.

ఏమి చేశారు?

పల్లెలలోని మాజీ సైనికుల ఆరోగ్యం కోసం ప్రత్యేక కార్యాలయం ఉండాలని 2006లో అక్కడ చట్టం చేశారు. 2016 నుండి ఆ శాఖ, దూరం వలన గానీ మరే ఇబ్బంది వలన గానీ వైద్యానికి రాలేని మాజీ సైనికులకు టాబ్లెట్లు ఇవ్వసాగింది. టాబ్లెట్ అంటే ఇక్కడ మాత్ర కాదు, పలకలాంటి చిన్న కంప్యూటరు. దానితోపాటు ఇంటర్నెట్ కనెక్షన్ కూడా ఇచ్చారు. రోగి ఇంట్లోనే కూర్చుని డాక్టరు ముఖం చూస్తూ మాట్లాడవచ్చు.

మేలు జరిగిందని ఎలా తెలిసింది?

ఎన్ని టాబ్లెట్లు పంచామని లెక్క చెప్పి ఊరుకోలేదు. పుచ్చుకున్నవారు వాడుతున్నారా, డాక్టరు ఇచ్చిన సమయానికి హాజరవుతున్నారా అని చూశారు. వాడడం నేర్పడానికి, పాడైతే సరిచేయడానికి మనిషి ఉండాలని కూడా గ్రహించారు.

కోవిడ్ కాలంలో, అంటే 2020 మార్చి నుండి 2021 ఏప్రిల్ వరకు, మానసిక వైద్యం పొందిన పల్లెవాసులైన మాజీ సైనికుల రికార్డులను పరిశోధకులు పరిశీలించారు. టాబ్లెట్ అందుకున్న దాదాపు 13 వేల మందిని, అందుకోనివారితో పోల్చారు. ఫలితాలు 2022లో ప్రచురించారు. టాబ్లెట్ ఉన్నవారు వీడియో ద్వారా కౌన్సిలింగ్ ఎక్కువగా పొందారు. ఆత్మహత్యకు సంబంధించిన కారణాలతో అత్యవసర విభాగానికి వచ్చే అవకాశం వారిలో సుమారు 36 శాతం తక్కువగా కనిపించింది. ఇటువంటి పోలికలో మార్పుకంతటికీ టాబ్లెటే కారణమని ఖాయంగా చెప్పలేము. అయినా ఇది మంచి సూచనే.

మనకు దీనిలో పాఠం ఏమిటి?

పంచిన వస్తువులను లెక్కపెట్టడం సులభం. తగ్గిన బాధను లెక్కించడమే కష్టం. ఆ లెక్క తేలాలంటే రోగి మాట కావాలి. అందుకే మేము "మందులు వాడారా? మళ్ళీ ఎందుకు రాలేకపోయారు? ఎన్ని బస్సులు మారి వచ్చారు?" అని అడిగినప్పుడు మొహమాటపడకుండా ఉన్నది ఉన్నట్లు చెప్పండి. "బాగానే ఉందండీ" అని మర్యాదకు చెప్పే మాట వలన మీకు గానీ, మీ తరువాత వచ్చే రోగికి గానీ ఉపయోగం లేదు.

మీ కుటుంబాలలో మాజీ సైనికులుంటే, 2003 ఏప్రిల్‌లో మన దేశంలో మొదలైన మాజీ సైనికుల వైద్య పథకం ఇ.సి.హెచ్.ఎస్. గురించి దగ్గరలోని పాలీక్లినిక్‌లో విచారించండి. దిగులు, నిద్రలేమి, చావు ఆలోచనలు ఎవరిని వేధిస్తున్నా దాచుకోవద్దు. టెలి మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.