శుష్క – ఖుష్క్ – సియర్

చార్మినారు ప్రాంతపు టంగళ్లలో ఎండుద్రాక్ష, బాదము మొదలగువానిని ఖుష్క్ మేవా యందురు. మాంసాదులు కలియని వట్టి యన్నము ఖుష్కా. నిజాము రాజ్యపు భూమిలెక్కలలో మాగాణికి తరి, మెట్టకు ఖుష్కి యని పేళ్లు. తెలంగాణపు రైతులకు నేఁటికిని అవి పరిచితములే. ఈ ఖుష్క్ మన శుష్కశబ్దమునకు వికృతి యని పాఠశాలలలో బోధించుట కలదు. నేనును చిరకాల మట్లే చెప్పితిని. అది సరికాదు.

శుష ధాతువు దివాది. దానిపై నిష్ఠాతకారము చేరఁగా, తుష్ట పుష్ట శబ్దములవలె, శుష్ట మని కావలసియుండెను. పాణిని 8-2-51 సూత్రముచే ఆ తకారమునకు కకారము నాదేశించెను. ఒక్క ధాతువుకొఱకై యొక సూత్రము! ఇట్టిది కన్పట్టినచోట ప్రాచీనరూప మేదో నిలిచియున్నదేమో యని విచారింపవలెను. ఇరానుదేశపు ప్రాచీనభాషయగు అవెస్తాలో హుష్క యని కలదు; అదియే పారసీకమున ఖుష్క్ అయినది. కకార మచ్చటను గలదు గావున, అది తకారస్థానమున వచ్చినది గాదు. ఉభయభాషలు విడివడుటకు ముందే యున్న ప్రత్యయము. పాణిని ప్రక్రియ శబ్దసాధుత్వమును చూపును. చరిత్రకథనము శాస్త్రప్రతిజ్ఞ గాదు.

ఆదివర్ణము మఱింత విశేషము. మన సకారమునకు అవెస్తాలో హకారము: సప్త, హప్త. శకారమునకు సకారము: శత, సత. శుష్కమే మూలమైనచో అచ్చట సుష్క యని యుండవలెను. హుష్క యని యున్నందున మూలము సుష్కమే. పరమందలి షకారపు సాంగత్యముచే మనకు ఆదిసకారము శకారమైనది. శ్వశురశబ్దము నిట్టిదే; లాటిను సోకెర్ సాక్షి. లిథువేనియా సౌసస్, ఆంగ్లేయుల సియర్ ఈ కుటుంబములోనివే. సియర్ అనఁగా నెండి వడలినది. దాని రేఫము పూర్వము సకారమే. ఆ విశేషణ మిప్పుడు కావ్యభాషలో తప్ప అరుదు. నిప్పుపై మాడ్చుట యను క్రియ మాత్రము వాడుకలో నున్నది. కావున శుష్క, ఖుష్క్ తండ్రికొడుకులు గారు, జ్ఞాతులు.

అర్థపరిణామ మొకటి గమనింపఁదగినది. శుష్కప్రియములు శూన్యహస్తములు అను లోకోక్తిలో శుష్కమునకు తడిలేమి గాక సారహీనత యర్థము. ఈ కుటుంబముతో సంబంధములేని మన దేశ్యపదము వట్టు, ఎండుట యను నర్థమున నుండఁగా, దానినుండి వట్టి, రిక్త మను నర్థమున వచ్చినది. తమిళమున వఱ్ఱు ఎండుట, వఱుమై పేదఱికము. పాలు మానిన గోవును వట్టిపోయిన దనుటలో రెండర్థములును నేఁటికి నొక్కచోటనే యున్నవి.