లెక్క సున్నా అయ్యేదాకా

పైథాన్‌లో డెల్ అని ఒక ఆదేశం ఉంది. అది ఆబ్జెక్ట్‌నే తీసేస్తుందని కొత్తగా నేర్చుకునేవాళ్లు అనుకుంటారు. తీసేది పేరును మాత్రమే. ఒకే లిస్టుకు ఏ, బి అని రెండు పేర్లు పెట్టి, డెల్ ఏ అని కొట్టి చూడండి. లిస్టు చెక్కుచెదరదు. బి కూడా పోతేనే దాని మెమరీ ఖాళీ అవుతుంది. తనను ఎన్నిచోట్ల నుంచి పట్టుకుని ఉన్నారో చెప్పే అంకె ఒకటి ప్రతి ఆబ్జెక్ట్ దగ్గరా ఉంటుంది. పట్టు చేరితే ఒకటి పెరుగుతుంది, పోతే ఒకటి తగ్గుతుంది. సున్నా కాగానే ఆబ్జెక్ట్ ఆయువు తీరినట్టే. దీన్నే రిఫరెన్స్ కౌంటింగ్ అంటారు.

ఇది పైథాన్ కంటే మూడు దశాబ్దాలు పెద్దది. 1960లో జాన్ మెకార్తీ లిస్ప్ భాష గురించి రాస్తూ, మెమరీ నిండినప్పుడు పని ఆపి, వాడుకలో ఉన్నవాటికి గుర్తు పెట్టి, మిగతావి ఊడ్చేసే పద్ధతి చెప్పాడు. అదే ఏడాది, అదే పత్రికలో, జార్జ్ కాలిన్స్ ఎప్పటి లెక్క అప్పుడే చూసుకునే దారి చూపించాడు. మూడేళ్లు తిరక్కుండానే హెరాల్డ్ మెక్‌బెత్ అందులోని లోపం పట్టుకున్నాడు: రెండు వస్తువులు చక్రంలా ఒకదాన్నొకటి పట్టుకుంటే, బయటివాళ్లంతా వదిలేసినా వాటి లెక్క ఎన్నటికీ సున్నా కాదు.

లోపం తెలిసినా పెర్ల్, పీహెచ్‌పీ, పైథాన్ ఈ దారే పట్టాయి. నా దృష్టిలో దీని అసలు విలువ మెమరీ పొదుపులో కాదు, వేళ తప్పకపోవడంలో ఉంది. ఫైలును పట్టుకున్న చివరి పేరు పోగానే ఆ ఫైలు మూతపడుతుంది. ఊడ్చే పద్ధతిలో అది ఎప్పుడు జరుగుతుందో చెప్పలేం. అయితే పైథాన్ భాష ఈ హామీ ఇవ్వలేదు, సీపైథాన్ అనే అమలు ఇస్తోంది, అంతే. పైపై లాంటి అమలులో ఇది చెల్లదు. అందుకే ఫైలు తెరిచేటప్పుడు విత్ వాడమని పెద్దలు పోరేది.

చక్రాల చిక్కును 2000లో పైథాన్ 2.0 విప్పింది. నీల్ షెమెనావర్ తెచ్చిన ఆ ఉపాయం ముచ్చటైనది. లిస్టులు, డిక్షనరీల లాంటి, ఇతరులను పట్టుకోగల ఆబ్జెక్టుల లెక్కలకు ఒక నకలు తీస్తారు. వాటిలో అవి ఒకదాన్నొకటి పట్టుకున్న పట్లన్నీ తీసివేస్తారు. ఇంకా ఏదైనా మిగిలితే బయట నుంచి ఎవరో పట్టుకున్నట్టు. అవీ, వాటి నుంచి చేరుకోగలిగినవీ బతుకుతాయి. మిగిలినవి చెత్త. కానీ చక్రంలోని ఆబ్జెక్టులకు పోయేముందు చేయాల్సిన పని అప్పగించి ఉంటే, ఎవరిది ముందు చేయించాలో తేలక పైథాన్ వాటిని ముట్టుకునేది కాదు. అవి ఒక లిస్టులో పడి ఉండేవి. 2014లో వచ్చిన 3.4లో ఆంట్వాన్ పిట్రూ దీన్ని తేల్చాడు: ఎవరినీ విడగొట్టక ముందే అందరి ఆఖరి పనులూ చేయించు, ఈలోగా ఎవరైనా మళ్లీ బతికారేమో చూడు, ఆ తర్వాతే చక్రం తెంచు.

ఇంకో చిక్కు మిగిలింది. ఆబ్జెక్ట్‌ను ఊరికే చదివినా లెక్క మారుతుంది. రెండు థ్రెడ్లు ఒకేసారి 5 అని చదివి, చెరొకటి కలిపి 6 అని రాస్తే, 7 ఉండాల్సిన చోట 6 ఉంటుంది. తర్వాత ఎవరో ఇంకా వాడుతుండగానే లెక్క సున్నాకు చేరి, ఆబ్జెక్ట్ పోతుంది. అందుకే ఒక్క థ్రెడ్‌నే నడవనిచ్చే జిల్ అనే తాళం. 2023లో 3.12 నన్, ట్రూ, ఫాల్స్ లాంటివాటిని చావులేనివిగా చేసి, వాటి లెక్క కదలకుండా ఆపేసింది. మరుసటి ఏడాది 3.13లో తాళం లేని ప్రయోగాత్మక రూపం వచ్చింది. అందులో ఆబ్జెక్ట్‌కు రెండు లెక్కలు: పుట్టించిన థ్రెడ్ తన లెక్కను ఎవరితోనూ పోటీ లేకుండా వేగంగా మారుస్తుంది, మిగతా థ్రెడ్లు రెండోదాన్ని ఆచితూచి మారుస్తాయి. రెండూ కలిపితే సున్నా వచ్చినప్పుడే ఆబ్జెక్ట్‌ను తీసేస్తారు.