చిప్ ఎత్తుకపోయినోడు దొంగైతే.. మనిషిని ఎత్తుకపోయినోడు?

వీడియో గేమ్ అంటే పోరగాండ్ల పని, కండ్లు ఖరాబు చేసుకునుడు తప్ప అండ్ల ఏముండదు అనేటోళ్లు మనకాడ ఇంకా మస్తుమంది ఉన్నరు. నేను చెప్పబోయే గేమ్ పోరగాండ్లది కాదు. 18 ఏండ్లు నిండినోళ్లకే అని డబ్బా మీదనే రాసి ఉంటది. పేరు సైబర్‌పంక్ 2077. పోలండ్ రాజధాని వార్సాల ఉన్న సీడీ ప్రాజెక్ట్ రెడ్ అనే కంపెనీ తయారు చేసింది. 2020 డిసెంబర్ 10న రిలీజైంది. ఇప్పటికి 3 కోట్లకు పైగా కాపీలు అమ్ముడుపోయినయి. తెలుగుల మాటల్లేవు, కింద అక్షరాలు గూడ లేవు. ఇంగ్లిష్ అంతగా రానోళ్లకు అండ్ల తుపాకులు, కార్లు కనవడతయి గానీ కథ చేతికి చిక్కదు. అసలు సంగతంత కథలనే ఉన్నది కాబట్టి రాస్తున్న. కథ మొత్తం విప్పి చెప్తున్న. ముందే తెలిస్తే మజా పోతదనుకునేటోళ్లు ఆడినంక చదువుర్రి.

ముందుగాల ఆ ఊరు గురించి చెప్పాలె. అమెరికాల కాలిఫోర్నియా సముద్రం ఒడ్డున నైట్ సిటీ అనే కల్పిత నగరం. ఈ ఊరును మొదలు ఊహించింది పోలండోళ్లు గాదు. మైక్ పాండ్‌స్మిత్ అనే నల్లజాతి అమెరికన్ 1988ల, బల్ల చుట్టూ కూసోని పాచికలు, కాగితాలతోని ఆడుకునే ఆట లెక్క దీన్ని తయారు చేసిండు. ఆ ఊర్ల సర్కారు పేరుకే. రాజ్యం కంపెనీలది. గేమ్ మొదట్లనే ఒక పని ఉంటది. మనుషుల ఒంట్ల ఉన్న మెషిన్ పార్టులు కోసుకొని అమ్ముకునే ముఠా ఒక ఆడామెను పట్టుకపోయి మంచు టబ్బుల పడేస్తది. మనం ప్రాణాలకు తెగించి ఆమెను బయటికి తెస్తం. అప్పుడు ట్రామా టీమ్ అనే ప్రైవేట్ అంబులెన్స్ గాల్లకెల్లి దిగుతది. కాపాడినోళ్ల మీదనే తుపాకులు గురిపెట్టి ఆమెను తీసుకపోతది. ఆమె దగ్గర ప్లాటినం కార్డు ఉన్నది మరి. ఆ కార్డు లేనోళ్ల కోసం ఆ బండి దిగదు.

ఓపెన్ వరల్డ్ అంటే ఊరంత తెరిచి ఉంటదన్నట్టు. సినిమా లెక్క ఒక సీన్ తర్వాత ఇంకో సీన్ వరుసగ రాదు. ఏ గల్లీకైనా పోవచ్చు, ఏ పని ముందు ముట్టుకోవాల్నో మనిష్టం. మనం ఆడే మనిషి పేరు వి. ఒక్క అక్షరమే. మగమనిషి లెక్కన్న, ఆడమనిషి లెక్కన్న ఆడొచ్చు. సంచార జాతోడు, గల్లీల పెరిగినోడు, కంపెనీల కొలువు చేసినోడు అని మూడు పుట్టుకలు పెట్టిన్రు. ఏది ఎంచుకున్నా కొద్దిసేపట్లనే అందరు ఒక్క కాడికే వస్తరు. జేబుల పైసలు లేవు, పక్కన జాకీ వెల్స్ అనే సోపతిగాడు ఉన్నడు, ఒక్క పెద్ద పని దొరికితే బతుకు మారిపోతదన్న ఆశ ఉన్నది.

ఆ పెద్ద పని దొరుకుతది. డెక్స్ అనే దళారి పిలుస్తడు. అరసాకా అనే జపాన్ కంపెనీ వారసుడు యొరినొబు దిగిన స్టార్ హోటల్‌ల ఒక చిప్ ఉన్నది, దాన్ని లేపుకొస్తే చాలు అంటడు. ఇగ స్కెచ్ మొదలైతది. నాకు గేమ్ మొత్తంల అన్నిటికంటె నచ్చిన భాగం ఇదే. పనికి దిగాల్నంటె ముందు సామాను కావాలె. విక్టర్ అనే డాక్టర్ మనుషులకు మెషిన్ పార్టులు అతుకుతుంటడు. ఆయన కొత్త కండ్లు పెట్టి, చేతిల తుపాకి గురి కోసం ఒక పార్టు ఏస్తడు. బిల్లు 21,000 ఎడ్డీలు. ఎడ్డీ అంటే అక్కడి పైసలు. ఇచ్చెటందుకు మన దగ్గర ఏమీ ఉండదు. ఉద్దెర రాసుకుంటడు.

తర్వాత రెక్కీ. యొరినొబు గదిలకు పోయొచ్చిన ఈవ్లిన్ అనే ఆమె తను చూసింది, విన్నది అంతా మెదడుల రికార్డు చేసి తెస్తది. మనం ఆ జ్ఞాపకంలకు పోయి, ముందుకు ఎనుకకు తిప్పుకుంట వెతకాలె. కండ్లతోని చూసుడు ఒకటి, చెవులతోని వినుడు ఒకటి, వేడి సల్లదనం పట్టుకునుడు ఇంకొకటి. చిప్‌ను సల్లగ ఉంచాలె కాబట్టి నేల కింద ఒక్కకాడ సల్లగ కనవడతది. సేఫ్ అక్కడ. ఆ ఉపాయం చేసినోళ్లకు దండం పెట్టొచ్చు. ఆ తర్వాత సాలీడు లెక్క పాకే రోబో కావాలె. అది మాల్‌స్ట్రామ్ అనే ముఠా దగ్గర ఉన్నది. ముందటి లీడర్‌కు డెక్స్ పైసలు కట్టిండు. కొత్త లీడర్ వచ్చి మళ్ల 10,000 కట్టుమంటడు. కట్టొచ్చు, కొట్లాడొచ్చు. లేదంటె ఆ రోబో అసలు ఓనరైన కంపెనీ మేనేజరమ్మ ఇచ్చిన పైసల చిప్ తీసుకపోయి ఇయ్యొచ్చు. దాంట్ల వైరస్ ఉంటది. దాన్ని తీసేసి గూడ ఇయ్యొచ్చు, తియ్యకుంట గూడ ఇయ్యొచ్చు, ఉన్నదని ముఠాకే చెప్పొచ్చు. ఒక్క చిన్న బేరంల ఇన్ని దారులు.

కానీ ఒక్క సంగతి చూడుర్రి. హోటల్ మ్యాప్ తెలుసు, కెమెరాలు ఏడున్నయో తెలుసు, సేఫ్ ఎక్కడుందో తెలుసు. ఆ చిప్‌ల ఏమున్నదో మాత్రం సరిగ్గ తెల్వదు. విని, జాకీని నమ్మి పంపినోళ్లు చెప్పరు. వీళ్లు గట్టిగ అడగరు. మోసేటోనికి మూట బరువే చెప్తరు తప్ప మూటల ఏమున్నదో చెప్పరు. నైట్ సిటీల పనిచేసేటోళ్ల తీరు మొత్తం అట్లనే ఉంటది. స్కెచ్ వేసినమని సంబురపడ్డది గూడ వేరేటోళ్లు గీసిన స్కెచ్ లోపటనే.

దొంగతనం రాత్రి అంతా తిరగబడుతది. ఎవలూ అనుకోకుంట యొరినొబు తండ్రి, కంపెనీ పెద్ద సబురో అరసాకా ఆ గదికే వస్తడు. వి, జాకీ దాక్కొని చూస్తుండంగనే కొడుకు తండ్రి గొంతు పిసికి సంపుతడు. హోటల్ మూసుకపోతది. కంప్యూటర్ల దిక్కు చూసుకునే సోపతి మనిషి అప్పుడే సచ్చిపోతది. బయటపడేతప్పుడు చిప్ డబ్బా పలుగుతది. చిప్ ఖరాబు కావొద్దని జాకీ దాన్ని తన తలల పెట్టుకుంటడు. టాక్సీ ఎక్కేనాటికి ఆయన ఒళ్లంత నెత్తురు. చిప్ తీసి వి చేతిల పెట్టి పానం ఇడుస్తడు. డెక్స్ సంగతి సరేసరి. పని ఇచ్చిన దళారే వి తలల తుపాకి పేల్చి చెత్తకుప్పల పారేపిస్తడు. ముందు ఎన్ని దారులు ఎంచుకున్నా, ఎంత తెలివిగ బేరం చేసినా ఇక్కడ మాత్రం మార్పు ఉండదు. మమ్మల్ని మోసం చేసిన్రని కొందరు ఆటగాళ్లు గుర్రుమన్నరు. నాకైతే అదే నిజమనిపించింది. వాళ్లకు ఎంచుకునే స్వేచ్ఛ చిన్న చిన్న విషయాలల్లనే ఉన్నది.

ఇగ చిప్ సంగతి. దాన్ని రెలిక్ అంటరు. అండ్ల ఉన్నది సమాచారం కాదు, సొమ్ము కాదు. ఒక మనిషి. జానీ సిల్వర్‌హ్యాండ్ అనే పాటగాడు 2023ల అరసాకా టవర్‌ను బాంబుతోని పేల్చిండు. హాలీవుడ్ నటుడు కీయాను రీవ్స్ ఆ వేషం కట్టిండు. కంపెనీ ఆయన్ను పట్టుకొని, సోల్‌కిల్లర్ అనే ప్రోగ్రామ్‌తోని మెదడు మొత్తం నకలు తీసి పెట్టుకున్నది. ఆ ప్రోగ్రామ్ గూడ కంపెనీ సొంతంగ రాసింది కాదు. ఆల్ట్ కన్నింగ్‌హామ్ అనే ఆమె మొదట తయారు చేస్తే, ఆమెనే ఎత్తుకపోయి, ఆమె రాసిన దాంతోనే ఆమెను సంపిన్రు. ఆ లెక్కన చూస్తే వి, జాకీ చేసింది దొంగసొత్తును దొంగతనం చేసుడే. వీళ్ల వెంట కంపెనీ కుక్కల్లెక్క పడుతది. మనిషినే ఎత్తుకపోయి సేఫ్‌ల పెట్టుకున్న కంపెనీకి మాత్రం ఊరంత హోర్డింగులు. మీ ఆత్మను మా దగ్గర భద్రం చేసుకోండి అని ఉన్నోళ్లకు అది ఓ స్కీమ్ నడుపుతుంటది.

చెత్తకుప్పలకెల్లి వి లేస్తడు. ఆ చిప్ తల గాయాన్ని మాన్పుతది గానీ, మాన్పుకుంటనే జానీ మనసును వి మెదడు మీద రాసుకుంట పోతుంటది. కొన్ని వారాలల్ల వి అనే మనిషి ఉండడు. ఒళ్లు మాత్రం ఉంటది. తీసేద్దామంటె తియ్యరాదు. సొంత తలకాయల ఉన్న సామాను కంపెనీది, దాని బాగోగులు కంపెనీకే తెలుసు.

ఇదంత కట్టుకథ, మనకెందుకు అనుకోవద్దు. అమెరికాల సెకండ్ సైట్ అని ఒక కంపెనీ ఉండె. చూపు పోయినోళ్ల కంట్లె ఆర్గస్ 2 అనే పరికరం పెట్టేది. కండ్లద్దాలకు కెమెరా, లోపట ఎలక్ట్రోడ్లు. దాదాపు లక్షా యాభై వేల డాలర్ల ఖర్చు. ప్రపంచంల 350 మందికి పైగా పెట్టించుకున్నరు. 2019ల కంపెనీ ఆ పరికరాన్ని ఆపేసింది. 2020ల దివాలా దాకా పోయింది. పెట్టించుకున్నోళ్లకు ఇగ రిపేర్లు చేసేటోడు లేడు, పార్టులు ఇచ్చేటోడు లేడు. కండ్లు వాళ్లయి, కంట్లె ఉన్నది ఎవలూ పట్టించుకోని పాత మోడల్. గేమ్‌ల విక్టర్ పెట్టిన కండ్ల గురించి నేను ఆలోచించినప్పుడల్ల వీళ్లే యాదికొస్తరు.

మన దగ్గర ఇంత ఖరీదైన కండ్లు లేవు గానీ ఫోన్లు ఉన్నయి. ఈ గేమ్ వచ్చిన 2020 డిసెంబర్ నెలలనే హైదరాబాద్‌ల లోన్ యాప్‌ల కేసులు బయటపడి పోలీసులు అరెస్టులు మొదలు పెట్టిన్రు. అప్పు తీసుకునేతప్పుడు ఒక్క బటన్ నొక్కితే ఫోన్‌ల ఉన్న నంబర్లన్ని వాళ్ల చేతికి పోయినయి. కిస్తీ తప్పితే చుట్టాలకు, పక్కపక్కోళ్లకు ఫోన్లు చేసి పరువు తీసిన్రు. పానాలు తీసుకున్నోళ్లు గూడ ఉన్నరు. ఒప్పుకున్నవ్ కదా, నొక్కినవ్ కదా అన్నదే వాళ్ల ధీమా.

ఇంత మంచి కథ చెప్పిన కంపెనీ తను మాత్రం ఏం చేసింది? సీడీ ప్రాజెక్ట్ పెట్టిన ఇద్దరు దోస్తులు బడి రోజులల్ల వార్సా అంగట్ల గేమ్‌లు అమ్మినోళ్లు. 1994ల కంపెనీ పెట్టిన్రు. పైరసీ మస్తుగున్న దేశంల, ఒరిజినల్ కొంటే డబ్బాల ఇంకేమేం వస్తయో చూపెట్టి జనాన్ని తిప్పుకున్నరు. అట్లాంటోళ్లు 2020ల ఏం చేసిన్రంటె, ముందు రివ్యూలు రాసెటోళ్లకు కంప్యూటర్ వెర్షనే ఇచ్చిన్రు. పాత ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ మీద అది ఎట్ల నడుస్తదో బయటపడనియ్యలే. 80 లక్షల మంది ముందే బుక్ చేసుకున్నరు. సరుకు చూడకుంట బయానా కట్టినట్టు. తీరా చూస్తే పాత మిషన్ల మీద బొమ్మలు ఆగుడు, గేమ్ కూలబడుడు. వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్‌లకెల్లి గేమ్‌ను తీసేసింది, పైసలు వాపస్ ఇచ్చింది. మళ్ల 2021 జూన్ దాకా పెట్టలే. లోపట పనిచేసినోళ్ల కథ ఇంకోటి. ఎవలనూ బలవంతంగ ఎక్కువ గంటలు చేపియ్యం అని 2019ల మాటిచ్చిన మేనేజ్‌మెంట్, 2020 సెప్టెంబర్‌ల వారానికి ఆరు రోజుల డ్యూటీ ఏసింది.

తర్వాత మూడేండ్లు రిపేర్లు చేసిన్రు, 2023 సెప్టెంబర్‌ల 2.0 అప్‌డేట్ ఇచ్చిన్రు, అదే నెల ఫాంటమ్ లిబర్టీ అనే కొత్త భాగం వచ్చింది. ఇప్పుడు ఆడితే గేమ్ నిజంగనే మంచిగున్నది. అట్లని ఆ రోజు పైసలు పెట్టి మోసపోయినోళ్ల లెక్క మాఫీ కాదు.

గేమ్ మీద నాకు ఇంకో పంచాయితీ ఉన్నది. వి కొన్ని వారాలల్ల సచ్చిపోతడని డాక్టర్ చెప్పినంక గూడ మనం నెలల తరబడి బాక్సింగులు, కారు రేసులు ఆడుకుంట తిరగొచ్చు. ఓపెన్ వరల్డ్‌ల ఉన్న జబ్బే అది. కథ తొందర పెడుతది, ఊరు తొందరేముంది అంటది. ఇంకోటి, కంపెనీలను తిట్టే గేమ్‌ల మనం దోచుకునేది, సంపేది ఎక్కువ శాతం గల్లీ గరీబోళ్లనే. అరసాకా టవర్ దాకా పోయేది ఆఖరికే.

ఆ ఆఖర్ల ఒక దారి అరసాకా దగ్గరికే పోయి కాళ్లబేరానికి వచ్చుడు. అక్కడ చచ్చిన సబురో నకలును తెచ్చి కొడుకు ఒంట్లనే ఎక్కిస్తరు. సొంత కొడుకు ఒళ్లు గూడ తండ్రికి ఒక డబ్బానే. విని అంతరిక్షంల ఉన్న కంపెనీ స్టేషన్‌ల పెట్టి పరీక్షలు చేస్తరు. రంగుల క్యూబ్ చేతికిచ్చి తిప్పుమంటరు. చివరికి నయం కాలే అని చెప్పి ఒక కాగితం ముందల పెడుతరు. సంతకం చేస్తే ఆత్మను కంపెనీ సర్వర్ల దాచిపెడుతరు, వేరే ఒళ్లు దొరికినప్పుడు చూద్దాం అంటరు. చెయ్యకపోతే కొన్ని నెలల ఆయుష్షుతోని భూమికి తిరిగి పోవచ్చు.

జాకీ శవాన్ని ఏం చెయ్యాల్నో గూడ గేమ్ మనల్నే అడుగుతది. టాక్సీల సచ్చినోన్ని ఇంటికి పంపుతవా, విక్టర్ దవాఖానకు పంపుతవా అని. విక్టర్ దగ్గరికి పంపితే అరసాకా మనుషులు వచ్చి శవాన్ని గుంజుకపోతరు, జాకీ నకలు గూడ కంపెనీ చేతుల పడుతది. ఇంటికి పంపితే తల్లికి దక్కుతడు. ఆమె నడిపే బార్‌ల సోపతిగాండ్లంత వచ్చి, ఆయన వస్తువులు ముందల పెట్టి, ఒక్కొక్కరు ఒక మాట చెప్పి సాగనంపుతరు. ఆ సీన్ ఆడాల్నంటె తుపాకి అవసరం లేదు. ఇంతల విక్టర్ దగ్గర 21,000 ఉద్దెర అట్లనే ఉంటది. ఆయన గడువు పెట్టడు, మిత్తి ఎయ్యడు. కట్టాల్నా వద్దా అన్నది గూడ ఆడేటోళ్ల ఇష్టమే. చేతిల పైసలు రాంగనే నేను మొదలు పోయి అది కట్టిన.