తొందరలేని వైద్యము

వైద్యుని నారాయణస్వరూపునిగా భావించుట మన సంప్రదాయము. ఆ భావన రోగికి కలుగునది భవనమును చూచియా, ఔషధము వలననా, లేక వైద్యుని పలుకరింపు వలననా? ధర్మవైద్యశాలలకు విరాళములిచ్చు దాతలు ఈ పత్రికను చదువుచుందురు గనుక, ఈ విషయమును శాస్త్రదృష్టితో కొంత వివరింపదలచితిని.

చరకసంహిత సూత్రస్థానము 9వ అధ్యాయమున చికిత్సకు 4 పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు, వెరసి 16. పరిచారకుని గుణములలో ఒకటి అనురాగము. రోగి గుణములలో ఒకటి జ్ఞాపకత్వము, అనగా తన బాధను తెలియజెప్పగలుగుట. వాగ్భటుడు అష్టాంగహృదయమున దర్శనము, స్పర్శనము, ప్రశ్నము అని రోగిపరీక్షకు మూడు మార్గములు చూపెను. చూచుటకును, తాకుటకును, అడుగుటకును కావలసినది కాలము.

రోగి చెప్పగలుగవలెనన్న వినువాడుండవలెను. కోడూరు, నాగాయలంక ప్రాంతముల నుండి తొలి బస్సెక్కి బందరు చేరిన కూలివాడు వైద్యుని ముందు కూర్చుండిన వెంటనే అసలు సంగతి చెప్పడు. మొదట కాళ్లనొప్పులనును, పిదప నిద్రలేదనును. లేచి తలుపుదాక పోయి, వెనుదిరిగి, "అయ్యా, ఇంకో మాటండి" అనును. తరచుగా రోగమూలము ఆ మాటలోనే యుండును. ధర్మవైద్యశాలలో చిరకాలము సేవచేసిన వైద్యమిత్రుడొకరు నాతో ఇట్లనిరి: "పంతులుగారూ, ఉచితంగా చూపించుకునేవాడు ఎక్కువసేపు మాట్లాడితే తప్పనుకుంటాడండి. ముందు ఆ బిడియం పోగొట్టాలి."

వారే మరియొక సంగతి చెప్పిరి. ఏటేట కార్తికమున గుండెబరువని వచ్చు వృద్ధురాలొకతె యుండెడిది. పరీక్షలన్నియు బాగుగనే యుండెడివి. ఒకనాడు వారు నెమ్మదిగా అడుగగా, 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో పోయిన తన బిడ్డలను గూర్చి చెప్పెనట. అప్పటివరకు ఏ ఆసుపత్రిలోను ఆమెను ఎవరును అడుగలేదు.

తొందరలేకుండుట యనగా జాగు చేయుట యని తలపరాదు. 2018 ఆగస్టులో దివిసీమయందు పాముకాట్లు ఒక్కసారిగా పెరిగినపుడు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని సన్నిధిని సర్పశాంతి యాగము జరిగినది. యాగము లోకక్షేమమునకు, కాటుపడినవానిని మాత్రము తత్‌క్షణమే ఆసుపత్రికి చేర్చవలెను. మంత్రము పేరిట ఒక్క నిమిషమైనను ఆలస్యము కూడదని, మంత్రములు చదివి ముసలివాడనైన నేనే చెప్పుచున్నాను.

అయితే ఆసుపత్రి చేరిన పిదప ఓపిక కావలెను. రక్తపింజరి విషమును కనుగొనుటకు రోగి రక్తమును కొద్దిగా శుభ్రమైన పొడి గాజుగొట్టములో పోసి, 20 నిమిషములు కదపక ఉంచి, గడ్డకట్టినదా యని చూతురు. త్రాచు, కట్లపాము కాట్లలో కనురెప్పలు వాలుటయు, శ్వాస తగ్గుటయు కనిపెట్టవలెను. అందుకై కనీసము 24 గంటలు రోగిని గమనించుచుందురు. రాత్రి రెండు గంటలవేళ పిల్లవాని రెప్పలు వాలినది నిద్రచేతనో విషముచేతనో తెలియవలెనన్న, అనురాగము గల పరిచారిక ప్రక్కన మేల్కొనియుండవలెను.

కావున గుడివాడ, మచిలీపట్నము, దివిసీమల దాతలకు నా మనవి. గదులు కట్టించుటయు, యంత్రములు కొనియిచ్చుటయు మహాపుణ్యమే. వాటితోపాటు ఒక పరిచారిక జీతమునకో, రెండవ వైద్యుని వేతనమునకో శాశ్వతనిధి ఏర్పరుపుడు. దానిపై పేరు చెక్కుటకు గోడ యుండదు. కాని ఒక్కొక్క రోగికి మరికొన్ని నిమిషములు లభించును. రోగి బంధువులారా, బాధలు ఎప్పుడు మొదలైనవో, ఏ మందులు వాడుచున్నారో కాగితముపై వ్రాసికొని పొండు. అదియు జ్ఞాపకత్వమునకు సాయమే.

అన్నదానమున వడ్డించువారు "నిదానముగా భోంచేయండి" అందురు. చివరివాడు ముగించువరకు పంక్తి లేవదు. ఆకలిగొన్నవానికి చూపు ఆ మర్యాద రోగికిని చెల్లవలెను.

శుభం భూయాత్.